సామాను భద్రం

కలకత్తా పక్కన న్యూ టౌన్‌లో మా అమ్మాయి ఫ్లాటుకి ఎదురింట్లో హైదరాబాదు వాళ్లు ఉంటారు. భర్తది కంప్యూటర్ల ఉద్యోగం. ఏటా విమానంలో సింగపూరు వెళ్లి, అక్కడ పెద్ద ఓడెక్కి, మూడు నాలుగు రేవులు తిరిగి వస్తారు. ఈసారి వెళ్లొచ్చాక ఆవిడ ఫొటోలు చూపించడానికి మా ఇంటికి వచ్చింది. అది మూడోసారట. అదే ఓడ, అవే రేవులు, అదే మెట్ల దగ్గర అదే నవ్వు. బట్టలు మాత్రం మారాయి.

"అవే ఊర్లు ఆంటీ, కానీ పోయినప్పుడల్లా కొత్తగనే అనిపిస్తది. మీరెప్పుడన్న ఓడెక్కిన్రా?" అని అడిగింది.

ఏడుసార్లు ఎక్కానన్నాను. నావి వేరే రేవులు, కానీ ఏడుసార్లూ అవే.

"అబ్బ! మస్తు అదృష్టమాంటీ మీది."

ఆవిడ చేతిలోంచి టీ కప్పు తీసుకుని లోపలికి వెళ్లిపోయాను. కప్పులో ఇంకా సగం టీ ఉందని తర్వాత మా అమ్మాయి నన్ను తిట్టింది. "పాపం, ఆవిడ ఏమందని అమ్మా?" అంది. ఏమందో రాద్దామనే కూర్చున్నాను. నాకు అక్షరాలు యాభై రెండో ఏట వచ్చాయి. అంత ఆలస్యంగా వచ్చినవాటిని సముద్రం ఎంత నీలంగా ఉందో రాయడానికి వాడలేను.

మా ఆయన ఖిదిర్‌పూర్ డాక్‌లో క్రేన్ డ్రైవరు. మాది విశాఖపట్నం పక్కన భీమిలి, ఆయనది శ్రీకాకుళం వైపు. చర్చి ద్వారా కుదిరిన సంబంధం. పెళ్లయిన నెలకి కలకత్తా తీసుకొచ్చి డాక్ క్వార్టర్లో పెట్టాడు. ఎర్రజెండా ప్రభుత్వం వచ్చిన కొత్తలో ఆయనకి యూనియన్‌లో పేరొచ్చింది. గేటు మీటింగుల్లో బెంగాలీలో మాట్లాడేవాడు. కష్టజీవి నోరు విప్పకపోతే తరతరాలూ నొక్కేస్తారని చెప్పేవాడట. పక్క క్వార్టరులో ఉండే బెంగాలీ వదిన, వాళ్ల భాషలో బౌది అంటారు, నాతో అనేది, "మీ ఆయన ఎంత భద్రలోక్!" అని. బెంగాలీలో భద్ర అంటే మర్యాద. భద్రలోక్ అంటే పెద్దమనిషి. మా వైపు తెలుగులో ఆ మాటకి అర్థం వేరు. ఎవరైనా ఊరెళ్తుంటే పెద్దవాళ్లు గుమ్మంలో నిలబడి చివరగా "బద్రం" అంటారు. జాగ్రత్త అని. ఆ రెండూ ఒకే మాట అని నాకు అప్పుడు తెలియదు.

రెండేళ్లకోసారి డాక్ వాళ్లకి సెలవు ప్రయాణం ఉండేది. ఛార్జీలు ఆఫీసు ఇచ్చేది. ఆయనతో పనిచేసే బెంగాలీలంతా పూరీకో డార్జిలింగుకో పోయేవాళ్లు. మా ఆయన అండమాన్ అన్నాడు. ఎందుకంటే పోర్ట్ బ్లెయిర్‌కి వెళ్లే ఓడ ఆయన డాక్ నుంచే బయల్దేరేది. ఇన్నాళ్లూ తను సరుకెత్తిన ఓడలోకి ఒక్కసారి ప్రయాణికుడిలా నడిచి ఎక్కాలని ఆయన కోరిక. ఆ కోరిక తప్పని నేను అనను. మొదటిసారి మెట్లెక్కుతుంటే కిందనున్న కూలీలంతా "దాదా, దాదా" అని చేతులూపారు. ఆయన మెడ ఆ రోజు సాగిన సాగుడు మళ్లీ తగ్గలేదు. ఇక ఎన్నిసార్లు సెలవొచ్చినా అదే ఓడ.

నాలుగు రోజులు సముద్రం. ఆరు రోజులు పోర్ట్ బ్లెయిర్. అక్కడినుంచి ఇంకో ఓడలో మూడు రోజులు, విశాఖపట్నం రేవు. పొద్దున్న దిగితే సాయంత్రం హౌరాకి రైలు. ఏడుసార్లూ ఇదే వరస. వేరే దారి ఉందని కూడా ఆయన ఒప్పుకునేవాడు కాదు.

అమ్మాయిని బౌది దగ్గర వదిలి వెళ్లేవాళ్లం. ఓడలో మా ఇద్దరికీ కింద అంతస్తులో పడుకునే బంకులు. నూనె కంపు, వాంతి కంపు, ఎవరో పిల్లకి పట్టించిన ఆవనూనె కంపు. హుగ్లీ నది దాటి సముద్రంలో పడ్డ రోజు నుంచీ నేను తల ఎత్తేదాన్ని కాదు. ఆయన పైన డెక్కు మీద పేకాట. అప్పుడప్పుడు దిగివచ్చి, "పైకి రావే, ఎగిరే చేపలున్నాయి" అనేవాడు. నేను బకెట్టు పట్టుకుని ఉంటే ఆయనకి చేపలు.

పోర్ట్ బ్లెయిర్‌లో కూడా అదే తెలుగువాళ్ల లాడ్జి, అదే గది. రెండోరోజు జైలు. ఆ పాతకాలపు జైలుకి ప్రతిసారీ తీసుకెళ్లి, అదే గేటు దగ్గర నన్ను నిలబెట్టి ఫొటో తీయించేవాడు. ఏడు ఫొటోలూ మా అమ్మాయి దగ్గర ఉన్నాయి. వరసగా పెడితే నా జుట్టు తెల్లబడటం తప్ప ఏ తేడా ఉండదు. ఎదురింటావిడకి అవి చూపించాల్సింది. మూడోరోజు గవ్వలు. సంచి నిండా గవ్వలు కొనేవాడు. కలకత్తాలో యూనియన్ వాళ్లకి పంచడానికి.

నాకు చదువు రాదు గనక దారిలో కనిపించిన బోర్డులన్నీ ఆయనే చదివి చెప్పాలి.

"ఏటి రాసుందక్కడ?" అంటే, "ముట్టరాదు" అనేవాడు. ఇంకోచోట "దాటరాదు." ఇంకోచోట "కూర్చోరాదు." మా ఆయన చదివిన బోర్డులన్నీ "రాదు"తోనే ముగిసేవి. లోకంలో ఎవరో పనిగట్టుకుని ఊరూరా ఇన్ని రాదులు రాయించారని చాలాకాలం నమ్మాను.

ఇక విశాఖపట్నం.

భీమిలిలో మా అప్ప ఉంది. అక్కని మా వైపు అప్ప అంటాం. మా అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్లు. నాకంటే తొమ్మిదేళ్లు పెద్దదైన అప్పే నన్ను పెంచింది. దానికి పెళ్లయి పిల్లలు పుట్టాక ఆస్పత్రిలో ఆయా పనికి వెళ్లేది. పిల్లల్ని నేను చూసుకునేదాన్ని. అందుకే నేను బడికి పోలేదు. దాని చేతి అన్నం తిని పెరిగాను, దాని వల్లే నిరక్షరాస్యురాలినయ్యాను. రెండూ నిజమే.

అప్ప కూతురి పెళ్లి భోజనాల దగ్గర మా బావ నలుగురిలో ఒక మాటన్నాడు. "కలకత్తా అల్లుడంటే ఆపీసరనుకున్నాం. ఓడ కూలీయేనంట" అని. మా ఆయన విస్తరి ముందునుంచి లేచిపోయాడు. ఆ తర్వాత ఆ గుమ్మం తొక్కలేదు. నన్ను వెళ్లొద్దని మాత్రం ఏనాడూ అనలేదు. అలా అనే మనిషి కాదు, పెద్దమనిషి కదా. స్టేషన్‌కి వచ్చాక ఒక బెంచీ మీద నన్ను కూర్చోబెట్టి, ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, గవ్వల సంచి నా కాళ్ల దగ్గర పెట్టేవాడు. ఊళ్లోనే ఉన్న తన పెదనాన్న కొడుకు ఇంటికి బయల్దేరేవాడు.

మొదటిసారి నేను అడిగాను. "బీమిలి బస్సు ఇక్కడే ఆగుద్ది కదా. ఒక్క గంట దారి. అప్పని సూసి ఒచ్చీనా?"

"ఎల్లు. ఎవులొద్దన్నారు? మరి సామాను?"

"ఇక్కడే ఉంచీసి..."

ఆయన బెంచీ పైన గోడకి ఉన్న బోర్డు వైపు చెయ్యి చూపించాడు. "సదువురాని దానికి సెప్పాలి మరి. సూడు, ఏటి రాశారో. సామాను బద్రం. అంటే సామాను ఒగ్గీసి ఎల్లరాదు."

మళ్లీ ఒక రాదు. కొట్టు నుంచి పకోడీ పొట్లం తెచ్చి నా ఒళ్లో పెట్టి వెళ్లిపోయాడు. సాయంత్రం రైలుకి ముందు వచ్చాడు, కోడికూర వాసనతో.

రెండేళ్ల తర్వాత మళ్లీ అంతే. ఆ తర్వాత మళ్లీ. అదే బెంచీ, అదే పకోడీ. ఆరుసార్లు నేను అప్పకి గంట దూరంలో రోజంతా కూర్చుని లేచి వెళ్లిపోయాను. బెంచీ పక్కన గోడ మలుపు తిరిగితే ఒక కిటికీ ఉండేది. జనం పెట్టెలు మోసుకుంటూ అటు వెళ్లి ఉత్తచేతులతో వచ్చేవాళ్లు. పార్సిల్ ఆఫీసేమో అనుకున్నాను. అనుకున్నానని ఇప్పుడు రాయడం తేలికే.

తర్వాత్తర్వాత కలకత్తాలో అందరికీ చదువు చెప్పాలని ఉద్యమం వచ్చింది. మా క్వార్టర్ల క్లబ్బు గదిలో మధ్యాహ్నం పూట బడి పెట్టారు. బెంగాలీ టీచరమ్మ ఇంటింటికీ వచ్చి పేర్లు రాసుకుంది. తెలుగు నేర్పమన్నాను. "మీ భాష పుస్తకాలు రాలేదు మాషీమా, బెంగాలీ నేర్చుకోండి" అంది. మాషీమా అంటే పిన్నిగారు. పిన్నిగారు అంటూనే నా భాష లేదు పొమ్మంది. అయినా మూడు నెలలు కూర్చున్నాను. భద్రలోక్ మాట రాయడం అక్కడే నేర్చుకున్నాను. అందులో మొదటి అక్షరం మామూలు బ కాదు, వేరే అక్షరం ఉందని తెలిసింది.

అప్పుడు మా తెలుగు చర్చిలో పాస్టరమ్మగారిని అడిగాను. ఆదివారం ఆరాధన అయ్యాక వెనక గదిలో నలుగురు ఆడవాళ్లకి ఆవిడ పలక మీద దిద్దించేది. మా ఆయన నవ్వాడు.

"ఇప్పుడు అచ్చరాలు నేర్సుకుని కలకటేరు ఉద్యోగం సేస్తావేటే?"

"పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకున్నానని చర్చిలో అందరికీ సెప్పి నవ్వింది నువ్వే కదా. నిటారుగా పట్టుకుందామని."

పాస్టరమ్మగారు మంచి మనిషి గాని పలుకు విషయంలో పట్టు విడవదు. నేను "బద్రం" అంటే ఒప్పుకునేది కాదు. "బ కాదమ్మా, భ. పొట్టలోంచి గాలి రావాలి. కింద ఆ పుల్ల చూశావా? అది ఊరికే పెట్టలేదు" అనేది. భ పలకలేక నా నోరు ఎండిపోయేది. "అమ్మగారూ, ఇది భద్రలోక్‌లో భ యేనా?" అని అడిగాను. అదేనంది. మాట కూడా ఒకటేనంది. ఇంటికొచ్చి ఆ రెండు మాటలూ పక్కపక్కన రాసుకున్నాను, ఒకటి బెంగాలీలో, ఒకటి తెలుగులో. తెలుగు మాట చివర సున్నా ఉంది. భద్రం. ఆ సున్నా గుండ్రంగా రావడానికి నాకు వారం పట్టింది. అంతసేపు దిద్దాను గనకే మర్చిపోలేదు.

ఏడోసారి ఓడెక్కినప్పుడు నాకు కూడబలుక్కుని చదవడం వచ్చు. ఆ సంగతి మా ఆయన పట్టించుకోలేదు. ఓడలో, పోర్ట్ బ్లెయిర్‌లో, రేవులో కనిపించిన తెలుగు ముక్క ప్రతిదీ చదువుకుంటూ వచ్చాను. ఎక్కువ లేవు. ఆయన చెప్పినన్ని రాదులు కూడా లేవు. లాడ్జి గదిలో కుళాయి గట్టు మీద "కూర్చోరాదు" అని చెప్పిన చోట నిజానికి "నీళ్లు వృథా చేయకండి" అని ఉంది. ఆరుసార్లు అక్కడ కూర్చోకుండా నిలబడ్డాను. అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. పొరపాటున చదివాడేమో అనుకున్నాను.

విశాఖపట్నం స్టేషన్. అదే బెంచీ. ట్రంకు, పరుపుచుట్ట, గవ్వల సంచి. పకోడీ పొట్లం ఒళ్లో పెట్టి, "సామాను బద్రం" అని ఎప్పటిలాగే చెప్పి ఆయన వెళ్లిపోయాడు.

తోచక తల ఎత్తి బోర్డు చదవడం మొదలుపెట్టాను. సా, మా, ను. సామాను. సరే. భ. పుల్ల ఉంది. పొట్టలోంచి గాలి తీసుకున్నాను. ద్ర. భద్ర. ఇక పక్కన సున్నా రావాలి. సున్నా లేదు. మళ్లీ చూశాను. ఎండ పడి మెరుస్తోందేమో అని లేచి పక్కకి జరిగి చూశాను. సున్నా లేదు. దాని చోట ప ఉంది. తర్వాత ర. తర్వాత చు. భద్రపరచు. ఆ మాట నేనెప్పుడూ నోటితో అనలేదు. దాని తర్వాత గది. గది అంటే తెలుసు. సామాను, భద్రపరచు, గది. కింద ఒక చెయ్యి బొమ్మ, వేలు గోడ మలుపు వైపు.

పకోడీ పొట్లం నేను లేచినప్పుడే ఒళ్లోంచి జారి కింద పడింది. కాకి వచ్చింది.

పరుపుచుట్టా సంచీ పైన వేసి, ట్రంకు ఈడ్చుకుంటూ ఆ కిటికీ దగ్గరికి వెళ్లాను. "బాబూ, ఇక్కడ సామాను పెట్టీసి ఊల్లోకెల్లి రావొచ్చా?"

కిటికీలో గుమాస్తా నన్ను పైనుంచి కిందికి చూశాడు. "అందుకే కదమ్మా ఈ గది ఉంది. తాళం వేసుందా?"

ట్రంకుకి తాళం ఉంది. పరుపుచుట్ట బెల్టుకీ ఉంది. అవి తీసుకుని చీటీ ఇచ్చాడు. గవ్వల సంచికి తాళం లేదు గనక తీసుకోనన్నాడు. సంచి మోసుకుంటూ బస్సుల దగ్గరికి వెళ్లాను. భీమిలి అని రాసిన బస్సు కోసం వెతికాను. భ తో మొదలైన బస్సు ఒకటి వచ్చింది గాని పేరు చాలా పొడుగ్గా ఉంది. భీ, ము, ని, ప, ట్నం. మాది కాదని వదిలేశాను. అది వెళ్లిపోయాక పక్కనున్న ముసలాయన, "భీమిలే కదమ్మా అది. ఆపీసోళ్లు భీమునిపట్నం అని రాస్తారు" అన్నాడు. నా సొంత ఊరి పేరు నేను గుర్తుపట్టలేదు. ఇంకో బస్సు కోసం అరగంట నిలబడ్డాను. ఆ అరగంటా నాకు మా ఆయన మీద కోపం రాలేదు. అక్షరాల మీద వచ్చింది. ఇన్నాళ్లూ ఎక్కడికి పోయారు మీరంతా అని.

అప్ప అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. తల ఎత్తి చూసి మళ్లీ చింతపండు వైపు తిరిగింది.

"అప్పా, నానే."

"నానే అంటే ఎవులు?"

"నీ సెల్లెల్ని."

"నాకో సెల్లెలుండేది. కలకత్తాలో సచ్చిపోనాది."

లోపలినుంచి బావ గొంతు వినిపించింది. "ఎవులే అది?"

"ఎవులూ కాదు. గవ్వలమ్ముకునేది" అని అరిచి చెప్పింది అప్ప.

సంచి కింద పెట్టాను. నాలుగు గవ్వలు దొర్లి బయటికి వచ్చాయి. ఒకటి తీసి చూసి విసిరేసింది. "బీమిలిలో గవ్వలు నేవని అండమాను నుంచి తెచ్చినావేటి?"

నేను అరుగు మీద కూర్చున్నాను. కూర్చోమని అది అనలేదు. జరిగింది చెప్పాను. ఓడ, స్టేషను, బోర్డు, భద్రం, సున్నా. అది గింజలు తీస్తూనే వింది. అంతా అయ్యాక అంది, "బోర్డా? బోర్డు నిన్ను సెయ్యి పట్టుకుని కూకోబెట్టిందా?"

"ఆయన అలా సదివి సెప్పినాడప్పా."

"ఆడు సెప్పినాడు. ఇశాపట్నం టేసన్లో ఇంకెవులూ తెలుగోళ్లు నేరా? పక్కనున్నోడ్ని, బాబూ, ఇదేటి రాసుంది అని అడగడానికి నీకు అచ్చరాలు నేవు గాని నోరు నేదా?"

అది ఆగలేదు.

"మూడోసారి నువ్వొచ్చినప్పుడు నాను టేసనుకొచ్చినాను. సూసినోళ్లెవులో సెప్తే. నీళ్ల కుళాయి పక్కన స్తంబం ఎనకాల నిలబడ్డాను. నా సెల్లెలు లేచి బస్సు కాడికొస్తాదా రాదా సూద్దామని. రెండు గంటలు నిలబడ్డాను. నువ్వు పకోడీలు తింటన్నావు. ఒకటొకటి. సక్కగా. నాను తిరిగొచ్చీసినాను."

"పిలవచ్చు కదప్పా! ఒక్క కేకెయ్యొచ్చు కదా!"

"నానెందుకు పిలవాల? ఒచ్చినదానివి నువ్వు."

అప్పుడు నాకు కూడా కోపం వచ్చింది. ఓడెక్కిన రోజు నుంచి కాదు, ఇంకా చాలా వెనకనుంచి. "నాకు నోరు నేదా అంటన్నావు. అచ్చరాలు నేకుండా సేసింది ఎవులప్పా? నీ పిల్లల ముడ్డి కడిగింది ఎవులు? ఆ గుంటలంతా పలకలట్టుకుని బడికెల్లినారు. నాను ఉయ్యాల ఊపుతూ కూకున్నాను. కూకోడం నాకు నువ్వే నేర్పినావు."

అప్ప చెయ్యి ఆగింది. గింజ ఒకటి వేళ్ల మధ్య ఉండిపోయింది. బావ గుమ్మంలోకి వచ్చి నిలబడి, ఇద్దర్నీ చూసి, లోపలికి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఏడ్చుకుని కావలించుకున్నాం అని రాస్తే చదివేవాళ్లకి బావుంటుంది. అలా జరగలేదు. అప్ప లేచి లోపలికెళ్లి కంచంలో అన్నం, ఎండుచేపల పులుసు తెచ్చి నా ముందు ఠంగుమని పెట్టింది. నేను తిన్నాను. ఉప్పు ఎక్కువైంది, చెప్పలేదు. నీళ్లు తెచ్చి పెట్టింది. రైలు ఎన్నింటికని అడిగింది. చెప్పాను. "మరి లే. బస్సు పోద్ది" అంది.

గవ్వల సంచి అక్కడే వదిలేశాను. వీధిలోకి వచ్చి వెనక్కి తిరిగి చూశాను. అప్ప గుమ్మంలో నిలబడింది. ఏదో ఒకటి అనాలి కదా. పెద్దది. ఊరెళ్లేవాళ్లతో అనే మాట ఒకటుంది కదా. అది నా మొహంలోకి సూటిగా చూసి, "ఎల్లు. సామాను బద్రం" అంది. తలుపు వేసింది.

బస్సులో దారంతా అప్ప అడిగిందే నన్ను పొడిచింది. ఎందుకు అడగలేదు? స్టేషన్‌లో అందరూ తెలుగువాళ్లే. ప్లాట్‌ఫారం ఊడ్చే చీపురమ్మ కూడా చెప్పేది. అడిగితే చదువు రాదని తెలిసిపోతుందని సిగ్గు, అది ఒకటి. ఇంకోటి ఉంది. అది రాయడానికి ఇప్పుడు కూడా చెయ్యి రావడం లేదు, అయినా రాస్తాను. ఆ బెంచీ మీద కూర్చున్నంతసేపూ నేను ఆయన మీద కసి పెంచుకుంటూ కూర్చునేదాన్ని. తప్పంతా ఆయనది, నాది ఏమీ లేదు. ఆ కసి నాకు అలవాటైపోయింది. బోర్డులో ఏముందో తెలిస్తే లేచి వెళ్లాల్సి వచ్చేది. వెళ్తే అప్ప మొహం చూడాల్సి వచ్చేది, ఉయ్యాల సంగతి అడగాల్సి వచ్చేది. కూర్చుని తిట్టుకోవడం దానికంటే సుఖం. ఆయన నన్ను కూర్చోబెట్టాడు, నిజం. ఆరుసార్లు లేవనిది నేను.

అంతమాత్రాన ఆయన తప్పుని వదిలేశానని కాదు.

స్టేషన్‌కి వచ్చేసరికి మా ఆయన బెంచీ ముందు అటూ ఇటూ తిరుగుతున్నాడు. చొక్కా చెమటతో అంటుకుపోయింది. నన్ను చూడగానే మీదకొచ్చాడు. "ఏటే, ఎక్కడికెల్లిపోయావు? ట్రంకేది? పరుపేది? సామానంతా ఏదే?"

"భద్రం" అన్నాను. భ సరిగ్గా పలికాను. పాస్టరమ్మగారు ఉంటే మెచ్చుకునేది.

"బద్రమేటే? ఎక్కడ?"

నేను బోర్డు వైపు వేలు చూపించాను, మొదటిసారి ఆయన నాకు చూపించినట్టే. ఆయన నా వేలు వైపు చూశాడు. వేలు చూపిస్తున్న చోటికి చూడలేదు.

"ఎక్కడికెల్లావే?"

"భీమిలి."

గేటు మీటింగుల్లో గంటసేపు ఆగకుండా మాట్లాడే మనిషి. ఇప్పుడు గొంతు తగ్గించి, "రైలు టైమవుతోంది. చీటీ ఇయ్యి, నాను తెస్తాను" అన్నాడు.

"ఇంకా గంటన్నర ఉంది. కూకో."

"ఏటి కూకునేది..."

"కూకో. నాను ఊరు సూసి వస్తాను."

చీటీ జాకెట్టులో పెట్టుకుని కొట్టు దగ్గరికి వెళ్లాను. పకోడీ పొట్లం కొని తెచ్చి ఆయన ఒళ్లో పెట్టాను. నూనె కాగితంలోంచి పంట్లాం మీదకి దిగింది. తుడుచుకోలేదు. నేను ప్లాట్‌ఫారం మీద ఒక చివరనుంచి ఇంకో చివరికి నడిచాను. కనిపించిన తెలుగు బోర్డులన్నీ చదివాను. మంచినీళ్లు. ఆడవారి గది. దారి. బయటికి దారి. ఏ బోర్డు దగ్గరికి వెళ్లినా వెనక్కి తిరిగి మా ఆయన వైపు ఒకసారి చూశాను.

ఆయన అదే బెంచీ మీద, అదే బోర్డు కింద కూర్చుని ఉన్నాడు. రైలు వచ్చేదాకా ఒక్కసారి కూడా తల ఎత్తి ఆ బోర్డులో ఏముందో చూడలేదు. తెలియనివాడైతే చూసేవాడు.